వజ్రం ఎంత లోతు దిగింది?

హార్డ్‌నెస్ రిపోర్టు చేతికి వస్తే నా కళ్లు ముందు అంకె పక్కనున్న గుర్తును వెతుకుతాయి. 1500 హెచ్‌వి 1 అంటే ఒక కిలో బరువు మోపి నొక్కారని. హెచ్‌వి 0.3 అంటే 300 గ్రాములు. ఆ చిన్న అంకె రాయని రిపోర్టును నేను నమ్మను.

హైదరాబాద్ మాదన్నపేటలో ఉంటూ, పనిముట్ల ఉక్కుకు హీట్ ట్రీట్‌మెంట్ చేసేచోట ఏళ్లుగా హార్డ్‌నెస్ కొలిచే పనే చేస్తున్నాను. ఈ విద్యకు మా వైపు పెద్ద ఇళ్లే ఉన్నాయి. సంతోష్‌నగర్ దాటితే కంచన్‌బాగ్‌లో రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, 1973లో పెట్టిన ప్రత్యేక లోహాల కర్మాగారం మిధాని. ఇంకాస్త ముందుకు, బాలాపూర్‌లో సిరామిక్‌లు, పూతల మీద పనిచేసే ఏఆర్‌సీఐ. అర్జున్ ట్యాంకు కవచానికి కంచన్ అన్న పేరు కంచన్‌బాగ్ నుంచి వచ్చిందే.

మా పనిలో పద్ధతి ఏదైనా, గుంట పెట్టి కొలవడమే. 1900లో స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ 10 మిల్లీమీటర్ల ఉక్కు గుండును లోహంలోకి నొక్కి, గుంట వెడల్పు చూశాడు. బాగా గట్టి ఉక్కు మీద ఆ గుండే నలిగిపోతుంది. 1920ల్లో ఇంగ్లండులోని వికర్స్ కంపెనీలో స్మిత్, శాండ్‌లాండ్ దాని బదులు వజ్రాన్ని నాలుగు పలకల పిరమిడ్‌గా చెక్కించి వాడారు. హెచ్‌విలో వి ఆ వికర్సే.

మెత్తని ఉక్కు మీద కిలో మోపితే గుంట మూల నుంచి ఎదుటి మూలకు సుమారు 120 మైక్రాన్లు. అల్యూమినా సిరామిక్ మీద 35. ఒక్క మైక్రాన్ తప్పు చదివితే ఉక్కు లెక్క రెండు శాతం లోపే తప్పుతుంది, సిరామిక్ లెక్క ఆరు శాతం దాకా పోతుంది. అందుకే అద్దంలా పాలిష్ చేయని ముక్కను మెషిన్ కింద పెట్టనివ్వను.

నొక్కితే లోహం పక్కకు జరుగుతుంది. సిరామిక్‌కు ఆ వెసులుబాటు అంతగా లేదు, గుంట మూలల నుంచి పగుళ్లు పాకుతాయి. వాటి పొడవు చూసి పగులును ఎంత తట్టుకుంటుందో లెక్కగట్టే సూత్రాలున్నాయి. ఒకే రకం ముక్కలను పోల్చుకోవడానికి అవి చాలు, ఆ అంకె మీద కవచమో బేరింగో డిజైన్ చేయడం ప్రమాదమని నా గట్టి అభిప్రాయం. పగుళ్లకు భయపడి బరువు తగ్గిస్తే సిరామిక్ మరింత గట్టిదిగా కనిపిస్తుంది. 1939లో అమెరికాలో నూప్ తెచ్చిన సన్నని, పొడవాటి వజ్రంతో పగుళ్లు తక్కువ.

అన్నిటికన్నా చిక్కు పలుచని పూతలతోనే. డ్రిల్ బిట్ల మీద బంగారు రంగులో మెరిసే టైటానియం నైట్రైడ్ మందం రెండు మూడు మైక్రాన్లు. కిలో మోపితే వజ్రం దాన్ని దాటి కింది ఉక్కును కూడా కలిపి కొలుస్తుంది. పూత మందంలో పదోవంతు మించి దిగకూడదన్నది ఈ పనిలో అందరూ పాటించే లెక్క. మూడు మైక్రాన్లలో పదోవంతు 300 నానోమీటర్లు. అంత చిన్న గుంటను మామూలు మైక్రోస్కోపులో నమ్మకంగా కొలవలేం.

అక్కడ నానో ఇండెంటర్ కావాలి. మూడు పలకల బెర్కోవిచ్ వజ్రం దిగుతున్నప్పుడూ లేస్తున్నప్పుడూ బరువును, లోతును వెంటవెంటనే నమోదు చేస్తుంది. వజ్రం పైకి లేచేటప్పుడు వచ్చే గ్రాఫు గీత వాలు నుంచి కాఠిన్యం లెక్కగట్టే పద్ధతిని ఆలివర్, ఫార్ 1992లో ప్రకటించారు. పూత వేయించుకునే వర్క్‌షాపుల వాళ్లు మందం, గుంట లోతు రెండూ రిపోర్టులో రాయించుకోవాలి. వజ్రం కొన సంగతీ అడగాలి. అది కాస్త అరిగినా లెక్కంతా మారిపోతుంది. అందుకని ముందు ఫ్యూజ్డ్ సిలికా ముక్క మీద నొక్కి, దాని స్థితిస్థాపక గుణకం 72 గిగాపాస్కల్స్ దగ్గర వస్తోందని చూసుకున్నాకే పూత మీదికి వెళ్తారు.