వాగు అడుగును కొలిచే కెమెరా

వాగులో నీటి మట్టం ఎంత పెరిగిందో అందరూ చూస్తారు; అడుగు ఎంత పెరిగిందో గమనించేవారు అరుదు. అడుగు మేటపడిన కొద్దీ వాగు మోయగల నీరు తగ్గుతుంది. మునుపటంత వానకే వరద గట్టు దాటుతుంది. కావున ఈ మార్పును కొలవడం మన ఊళ్ల క్షేమానికి సంబంధించిన విషయం.

ఎ.కొండూరుకు దక్షిణంగా, మైలవరం కొండలలో పుట్టి కొల్లేరు చేరే బుడమేరు ఇందుకు సమీప దృష్టాంతం. 2024 సెప్టెంబరు ఆరంభంలో దాని మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి, విజయవాడలోని సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీట మునిగింది. అతివృష్టితో పాటు పూడిక, ఆక్రమణల మాట కూడా నాడు విరివిగా వినవచ్చింది. అయితే పూడిక ఏ చోట, ఏ ఏడు, ఎంత చేరినది? దీనికి కంటి అంచనా చాలదు.

పూర్వపు పద్ధతిలో వాగుకు అడ్డంగా అక్కడక్కడ గీత గీచినట్లు ఎత్తులు కొలిచేవారు. రెండు గీతల నడుమ ఏమి జరిగినదీ తెలిసేది కాదు. డ్రోన్‌కు గాని, పొడవాటి కర్రకు గాని కట్టిన కెమెరా నేడు ఆ లోటును తీర్చుతున్నది. రెండు కళ్లు వేర్వేరు చోట్ల నుండి చూడడం వల్లనే మనకు దూరం తెలుస్తుంది. అట్లే ఒకే రాయి పలు ఫోటోలలో పలు కోణాల నుండి కనిపిస్తే, కంప్యూటరు దాని స్థానాన్ని గణించగలదు. గట్టున ఎత్తు తెలిసిన గుర్తులు కొన్ని ఉండాలి. అవి లేనిచో చిత్రం వస్తుందే గాని నమ్మదగిన కొలత రాదు.

వానలకు ముందు, తరువాత తీసిన పటాలలో ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే కోత, మేట బయటపడతాయి. 100 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల వాగులో సగటున 20 సెంటీమీటర్ల మేట అంటే 200 ఘనపు మీటర్ల మట్టి. అయితే ఒక్కొక్క పటంలో 3 సెంటీమీటర్ల దోషముంటే తేడాలో అది 4 సెంటీమీటర్లు దాటుతుంది. అంతకన్న చిన్న మార్పును నమ్మరాదు.

నీరు మరొక చిక్కు. తేట నీటి అడుగు ఉన్నదానికన్న పైకి కనిపిస్తుంది. నిలువుగా చూసినప్పుడు కనిపించే లోతును సుమారు 1.34తో హెచ్చవేయాలి. బురద నీటిలో అడుగే కనబడదు. ఏడాది పొడవునా పారే నదులకు ఇది పెద్ద అవరోధం. వేసవిలో ఎండే మన వాగులకు ఆ బాధ లేదు.

మేము విద్యార్థులకు చెప్పదలచినది ఇంతే: ఒకే వాగును, అవే గుర్తులతో, ఏటా కొలిచి దాచండి. పదేళ్లకు పూడికపై వాదానికి బదులు లెక్క ఉంటుంది.