పాత సీఆర్‌వోకు మళ్లీ ప్రాణం
విడిభాగాలు దొరకవని తుక్కుకు వేసేముందు ఒక్క పరీక్ష!

పాలిటెక్నిక్, డిగ్రీ కళాశాలల ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలల్లో ఏదో ఒక మూల, దుమ్ముకొట్టుకుపోయి, ‘పనిచేయదు’ అన్న చీటీతో ఒక పెట్టె కనిపిస్తూనే ఉంటుంది. అదే క్యాథోడ్ రే ఆసిలోస్కోప్. వాడుకలో సీఆర్‌వో. విద్యుత్ సంకేతం ఎలా పెరిగి తరుగుతున్నదో ఆకుపచ్చ గీతగా తెరపై చూపే పరికరమిది. విడిభాగాలు దొరకవన్న ఒక్క మాటతో వీటిని కండెమ్ చేసి తూకానికి అమ్మేస్తుంటారు. నిజానికి వీటిలో చాలావాటికి పట్టిన జబ్బు కొద్ది రూపాయల ఖరీదు చేసే కండెన్సరే.

విడిభాగాలు అంతరించడానికి కారణం లేకపోలేదు. 1954లో ఏర్పాటైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో వాల్వులను, 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లను తయారు చేయడం ప్రారంభించింది. ఏసీ127, ఏసీ128 అన్న పేర్లు ఆనాటి రేడియో మెకానిక్‌లకు కంఠోపాఠం. తరువాత సిలికాన్, ఆపై ఐసీలు రావడంతో పాతవాటికి గిరాకీ పోయింది, తయారీ ఆగింది. పరికరాలు మాత్రం మిగిలాయి.

సిరీస్ బల్బే వైద్యుడు

ఏళ్ల తరబడి మూలనపడిన పరికరానికి నేరుగా కరెంటు ఇవ్వడం పెద్ద పొరపాటు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌లో అల్యూమినియం రేకుపై ఉండే పలుచని ఆక్సైడ్ పొర వాడకం లేనప్పుడు క్షీణిస్తుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ తగిలితే కండెన్సర్ వేడెక్కి పేలవచ్చు. అందుకే మరమ్మతు దుకాణాల్లో వాడే సిరీస్ బల్బు ఇక్కడా అక్కరకొస్తుంది. 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా కరెంటు ఇచ్చినప్పుడు అది ఒక్క క్షణం వెలిగి మందగిస్తే ఫరవాలేదు. అలాగే భగ్గున వెలుగుతుంటే లోపల షార్టు ఉన్నట్లే. వేరియాక్ ఉంటే వోల్టేజీని గంటల తరబడి మెల్లగా పెంచుతూ ఆ పొరను మళ్లీ ఏర్పరచవచ్చు. లోపలి ద్రవం పూర్తిగా ఎండిపోయిన కండెన్సర్‌కు ఈ చికిత్స పనిచేయదు, మార్చవలసిందే.

పాత కాగితపు కండెన్సర్లు తేమ పీల్చి లీకవుతాయి. వాటి స్థానంలో అదే విలువ, అంతకు తగ్గని వోల్టేజీ గల పాలియెస్టర్ రకం వేయవచ్చు. టాంటాలమ్ రకం తరచూ షార్టయి పవర్ సప్లయ్ మొత్తాన్ని కూలదోస్తుంది. లోపం ఎక్కడో ఉంటే మెకానిక్ మరెక్కడో వెతుకుతూ రోజులు గడపడం దీనివల్లే.

ప్రత్యామ్నాయంలోనూ మెలకువ

సెలీనియం రెక్టిఫయర్‌కు బదులు సిలికాన్ డయోడ్ వేస్తే సరిపోతుందనుకుంటారు. సిలికాన్‌లో వోల్టేజీ నష్టం తక్కువ గనుక సప్లయ్ పెరిగిపోతుంది. వరుసలో తగిన రెసిస్టర్ చేర్చాలి. జెర్మేనియం ట్రాన్సిస్టర్ 0.2, 0.3 వోల్టుల బయాస్‌తో పనిచేస్తే, సిలికాన్‌కు 0.6 వోల్టులు కావాలి. బయాస్ రెసిస్టర్లు మార్చకుండా వేసిన సిలికాన్ ట్రాన్సిస్టర్ మూగబోతుంది.

ఏఎఫ్117 వంటి రకాల్లో మరో విచిత్రం ఉంది. డబ్బా లోపల తగరపు మీసాలు పెరిగి తీగలను డబ్బాకు తాకిస్తాయి. డబ్బాను ఎర్త్‌కు కలిపే నాలుగో కాలును కత్తిరిస్తే చాలాసార్లు అది మళ్లీ పనిచేస్తుంది. అయితే అది తాత్కాలికమే.

1951లో వచ్చిన ఏవో మీటర్ మోడల్ 8ది వేరే సమస్య. ఎక్కువ ఓములు కొలవడానికి దానికి 15 వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి. అది దొరకక మంచి మీటర్లను పారేసినవారున్నారు. 3 వోల్టుల లిథియం బిళ్ల సెల్స్ ఐదింటిని వరుసగా పేరిస్తే సరిగ్గా 15 వోల్టులు. వోల్టులు, ఆంపియర్లు కొలవడానికి ఆ బ్యాటరీ అవసరమే లేదు.

పిక్చర్ ట్యూబు, కంపెనీ సొంతంగా చేయించుకున్న ఐసీలు పోతే మాత్రం అదే మోడల్ మరో పరికరం నుంచి తీసుకోవడమే దారి. కనుక రెండు పాడైనవాటిని కలిపి ఒకటి చేసేవరకు దేనినీ అమ్మరాదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లలో పాత సరకు వెతకవచ్చు. ముద్ర చెరిపి కొత్త నంబరు వేసిన నకిలీ ఐసీలూ బజారులో తిరుగుతుంటాయి గనుక కొన్నవెంటనే పరీక్షించడం మేలు.

ప్రాణాలతో చెలగాటం

సాధారణ సీఆర్‌వో ట్యూబు దగ్గరే వేయి వోల్టులకు పైగా ఉంటుంది. కొన్నింటిలో పది వేలు దాటుతుంది. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో ఆ శక్తి నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయకుండా, రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో చూశాకే చేయి పెట్టాలి. కొలతలు సులువవుతాయని సీఆర్‌వో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానివల్ల పైనున్న ఇనుప పెట్టెకే కరెంటు వస్తుంది. ముట్టుకునేది విద్యార్థి.

మరమ్మతు ముగిశాక ముందు భాగంలోని కాలిబ్రేషన్ కొక్కేనికి ప్రోబ్ తగిలించి చతురస్రాకారపు గీత సరిగా ఉన్నదీ లేనిదీ చూడాలి. మార్చిన భాగం పేరు, విలువ, తేదీ చీటీ రాసి పెట్టె లోపల అంటిస్తే, తరువాత విప్పేవారికి సగం పని తగ్గుతుంది.