చిట్టెలుక ఒంట్లో మనిషి రక్తకణాలు

దివిసీమ రైతుకి ఎలుకంటే పగ. పొలం గట్ల వెంట కన్నాలు కనపడితే చాలు, ఎలుకలు పట్టేవాళ్ళకి కబురు వెళ్ళాల్సిందే. ఆ జాతిదే ఓ చిట్టెలుక, మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులు తీసుకునేవాళ్ళ కోసం ఎక్కడో అమెరికా ల్యాబులో పాట్లు పడుతోందంటే నమ్ముతారా?

చిక్కేమిటంటే, మామూలు ఎలుకకి హెచ్‌ఐవీ సోకదు. మన తెల్లరక్తకణాల మీద సీడీ4 అనే గొళ్ళెం లాంటిది ఉంటుంది. వైరస్ దాన్ని పట్టుకునే లోపలికి దూరుతుంది. ఎలుక కణం మీద గొళ్ళెం వేరు, పట్టు చిక్కదు. అందుకని శాస్త్రవేత్తలు ఎలుకనే కాస్త మనిషిని చేశారు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ఎలుక పిల్లలకి బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలు ఎక్కిస్తారు. పరాయి కణాల్ని తరిమే కాపలా లేదు కాబట్టి అవి అక్కడే కాపురం పెడతాయి. కొన్ని వారాలకి ఆ బుల్లి ఒంట్లో మనిషి టి కణాలు, బి కణాలు తిరుగుతుంటాయి! 1988లో మొదలైన ఈ విద్య 2004 తర్వాత బాగా పదునెక్కింది.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ఈ పని చేస్తున్నవారిలో రమేశ్ అక్కిన ఒకరు. ఇంటిపేరు వినగానే తెలుగు చెవులు నిక్కబొడుచుకుంటాయి కదూ! ముందుగానే రాల్టెగ్రావిర్ గానీ, మారావిరాక్ గానీ నోటిద్వారా ఇస్తే ఎలుకలకి లైంగిక మార్గంలో వైరస్ సోకలేదని ఆయన బృందం 2010లో చూపించింది.

అయితే ఎలుక ఎలుకే. మనిషిలోలాగా గట్టి యాంటీబాడీలు వీటిలో తయారవ్వవు. టీకా పరీక్షలకి ఇదే పెద్ద లోటు.

మన దేశంలో 2004 నుంచీ ఏఆర్‌టీ మందులు ఉచితమే. గుడివాడలో అయినా ఎక్కడైనా, ఏళ్ళ తరబడి మందులు మింగేవాళ్ళు అడిగేది ఒకటే, "ఎప్పటికైనా మానేయొచ్చా అండీ?" మందు ఆపితే, కణాల్లో నక్కిన వైరస్ మళ్ళీ లేస్తుంది. 2019లో ఈ ఎలుకలకే మందులిచ్చి, ఆపైన క్రిస్పర్ అనే జన్యు కత్తెర వాడితే మూడో వంతు దాకా ఎలుకల్లో వైరస్ జాడ లేకుండా పోయింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. అదే పద్ధతిని మనుషుల మీద పరీక్షించారు. 2024లో ఫలితం వచ్చింది. ప్రమాదమేమీ జరగలేదు, కానీ మందులు ఆపిన ముగ్గురిలోనూ వైరస్ తిరిగొచ్చింది. ఒకరిలో మాత్రం 16 వారాల దాకా ఆగింది.