బోరు నీళ్ళలో పెరిగే తోట

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం సికింద్రాబాద్ యాప్రాల్‌లో మా ఇంటి గాజుతొట్టెను తిరగ సర్దాను. అక్వేరియం పెంచేవాళ్ళు దీన్ని రీస్కేప్ అంటారు. రెండడుగుల తొట్టె అది. ఏడాదిన్నరలో మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి పెరిగి, చేపలు తిరగడానికి చోటే మిగల్లేదు. మొక్కలు పీకాను, రాళ్ళు జరిపాను, అడుగు మట్టిని కలియబెట్టి చదును చేశాను. మడ్డినీళ్ళు తోడేసి, ఇంట్లో వచ్చే బోరు నీళ్ళు నింపాను. గంట తిరక్కుండా నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకున్నాయి. సాయంత్రానికి పదకొండు టెట్రా చేపల్లో ఏడు చచ్చిపోయాయి.

క్లోరిన్ వల్ల అనుకోవడానికి లేదు. అది నల్లా నీళ్ళలో కలుపుతారు, మా బోరు నీళ్ళలో ఎవరూ కలపరు. నీళ్ళు వేడిగానూ లేవు. కంటికి అంత శుభ్రంగా కనిపించిన నీళ్ళు ఎందుకు చంపాయో అర్థం చేసుకోవాలంటే, ముందు యాప్రాల్ నేల కిందికి వెళ్ళాలి.

సికింద్రాబాద్ మొత్తం గ్రానైట్ మీద కూర్చుంది. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. బోరు వేస్తే నీరు దొరికేది ఈ రాతి పగుళ్ళలోనే. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడున్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం దారిపొడుగునా ఖనిజాలను కరిగించుకుంటూ పోతుంది. అందుకే మన బోరు నీళ్ళ నిండా కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు ఉంటాయి. బళ్ళో కఠిన జలం అని చదువుకున్నది వీటినే, ఇంట్లో ఉప్పునీళ్ళు అంటాం. గీజర్ కాయిల్ మీద, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునేది ఈ నీళ్ళలోని సున్నమే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల్లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఆ బైకార్బొనేట్ల వల్లే మా బోరు నీళ్ళకు పరీక్ష చేస్తే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర, అంటే క్షారం వైపు, చూపిస్తుంది.

ఇక తొట్టె సంగతి. చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా వదులుతుంది. మిగిలిన మేత, కుళ్ళిన ఆకు కూడా చివరికి అమ్మోనియానే ఇస్తాయి. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, చేపకు పెద్దగా హాని చేయదు. రెండోది విడి అమ్మోనియా, మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి చొరబడే విషం. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 6.5 ఉంటే మొత్తంలో విషరూపం 0.2 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. అమ్మోనియా ఒక్క చుక్క పెరగకపోయినా విషం సుమారు ముప్ఫై రెట్లవుతుంది.

ఆ రోజు జరిగింది ఇదే. నా తొట్టె అడుగున ఉన్నది గుళికలుగా కాల్చిన అక్వేరియం మట్టి, సాయిల్ అని అమ్ముతారు. అది నీటి పీహెచ్‌ను దించి, అమ్మోనియంను తనలో పట్టి ఉంచుతుంది. ఏడాదిన్నర పాటు పట్టి ఉంచినదాన్నంతా నేను కలియబెట్టి నీటిలోకి వదిలాను. పాత నీటిలో అది అమ్మోనియంగానే ఉండిపోయేది. పైనుంచి బోరు నీళ్ళు పడేసరికి విషమైంది.

మరి మామూలు రోజుల్లో తొట్టెలోని అమ్మోనియా ఏమవుతుంది? జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. చేపలూ మొక్కలూ కలిసి ఒక గాజుపాత్రలో బతకగలవని పద్ధతిగా పరీక్షించి చూపినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్. ఆయన 1850లో ఈ ప్రయోగాన్ని లండన్ కెమికల్ సొసైటీకి వివరించారు. రెండు చిన్న బంగారు చేపలు, ఒక వాలిస్నేరియా మొక్క. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ముదిరిన ఆకులు కుళ్ళి, నీరు జిగటెక్కి, పాచి కమ్మింది. అప్పుడాయన చెరువు నత్తలను వదిలారు. అవి కుళ్ళిన ఆకులనూ పాచినీ తినేశాయి, తొట్టె తేరుకుంది. మొక్క, చేప, నత్త: ఈ మూడింటి లెక్క సరిపోయిందని ఆయన భావించారు. నాలుగో వర్గం కంటికి కనబడదు కాబట్టి ఆయన లెక్కలోకి రాలేదు.

ఆ నాలుగో వర్గం బ్యాక్టీరియా. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది మొక్కకు ఎరువు, కొద్ది మోతాదులో చేపకు ఇబ్బంది లేదు. వీటిని విడదీసి, అవి ఎలా బతుకుతాయో 1890 ప్రాంతంలో చెప్పినది రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. రెండో మెట్టు పని నైట్రోబ్యాక్టర్‌దని పుస్తకాలు దాదాపు శతాబ్దం పాటు రాశాయి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. ఒకే నైట్రోస్పైరా రెండు మెట్లూ తానే ఎక్కగలదని 2015లో నెదర్లాండ్స్, ఆస్ట్రియా బృందాలు విడివిడిగా కనుక్కున్నాయి. నెదర్లాండ్స్ వాళ్ళకు అది దొరికిన చోటు చేపల పెంపకానికి వాడే వడపోత పరికరం. తొట్టె మూలన గుడగుడలాడే ఫిల్టర్ స్పాంజిని నేనిప్పుడు గౌరవంగా చూస్తాను.

ఈ బ్యాక్టీరియా నిదానంగా పెరుగుతాయి. మన పేగుల్లో ఉండే ఇ-కోలై మంచి ఆహారం దొరికితే ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి దాదాపు ఒక రోజు పడుతుంది. కొత్త తొట్టె పెట్టిన రోజే చేపలు వదలకూడదు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలనడానికి కారణం ఇదే. తొందరగా కావాలంటే తెలిసినవాళ్ళ తొట్టెలోంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి మన ఫిల్టర్‌లో పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి దారి.

మొక్కల దగ్గరికి వస్తే, యాప్రాల్‌లో ఉండేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. మీ నీళ్ళకు ఇష్టమైన మొక్కల్ని పెంచండి. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నిదానంగా వ్యాపిస్తుంది. నీటిలో మునిగి బతికే మొక్కకు అసలు కరువు దీనిదే. దీనికోసం సిలిండర్లు పెట్టి గ్యాస్ ఎక్కిస్తారు. అమెజాన్ మెత్తటి నీటిలో పుట్టిన కబోంబా వంటివి, మాస్ అని అమ్మే నాచుమొక్కలు కరిగిన వాయువు మీదే ఆధారపడతాయి, మన నీళ్ళలో నీరసిస్తాయి. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం అలా కాదు. ఇవి బైకార్బొనేట్‌నే విరిచి అందులోని కార్బన్‌ను వాడుకుంటాయి. గీజర్‌ను పాడుచేసే పదార్థమే వీటికి తిండి. మూడూ మన చెరువుల్లో పెరిగేవే. ఎండ బాగా తగిలిన హైడ్రిల్లా ఆకును వేలితో రుద్దితే గరుకుగా సున్నం పొర తగులుతుంది. బైకార్బొనేట్ తిన్నాక అది వదిలిన గుర్తు అది. కార్బన్ మరీ తక్కువైతే హైడ్రిల్లా మొక్కజొన్న, చెరకు చేసే పద్ధతికి దగ్గరి పద్ధతిలోకి తన కిరణజన్య సంయోగక్రియను మార్చుకోగలదు కూడా. ఇంత తెలివైన మొక్క మన కుంటల్లో ఊరికే దొరుకుతుంటే చాలామంది ఖరీదైన మొక్క కొని, దాన్ని బతికించడానికి అంతకన్నా ఖరీదైన పరికరాలు కొంటున్నారు. నాకది బాధగానే ఉంటుంది.

మట్టికి కూడా దుబారా అక్కర్లేదు. అమెరికన్ రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన పుస్తకంలో మామూలు తోట మట్టిని అంగుళం మందాన పరిచి, పైన అంగుళం ఇసుకో గులకరాళ్ళో వేసే పద్ధతిని వివరించారు. నీటిమొక్కలు చాలావరకు నైట్రేట్ కంటే అమ్మోనియంనే ముందు తీసుకుంటాయని ఆమె నొక్కి చెప్పారు. అంటే మొక్కలు ఒత్తుగా ఉన్న తొట్టెలో మొక్కలే సగం ఫిల్టర్. మట్టిలో రసాయన ఎరువు గానీ పచ్చి పేడ గానీ ఉండకూడదు. నీళ్ళు పోసేటప్పుడు ఒక పళ్ళెం పెట్టి దాని మీద పోస్తే మట్టి లేవదు. కిటికీ ఎండకు దూరంగా పెట్టి, దీపం రోజుకు ఆరేడు గంటలకు మించకుండా వెలిగిస్తే పాచి అదుపులో ఉంటుంది.

తొట్టెను ఒక దృశ్యంగా కూర్చే కళకు ప్రపంచమంతటా పేరు తెచ్చినవారు జపాన్ ఫోటోగ్రాఫర్ తకాషి అమానో. 1954లో పుట్టారు, 2015లో పోయారు. చివరి ఏడాదిలో లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటితో ఆయన కూర్చినది ఒక నీటి అడవే. ఆయన తన చుట్టూ ఉన్న కొండల్ని, అడవుల్ని చూసి నేర్చుకున్నారు. మనకు యాప్రాల్ నుంచి కాస్త దూరం వెళితే మౌలాలి గుట్ట ఉంది. గుండు మీద గుండు నిలబడిన తీరు, కింద చిన్న రాళ్ళు జారిపడిన తీరు అక్కడ నిలబడి చూసినవాళ్ళకు వేరే బొమ్మ అక్కర్లేదు. గ్రానైట్ నీటిలో సున్నం వదలదు కాబట్టి తొట్టెకు భేషైన రాయి. అనుమానం ఉన్న రాయి మీద నిమ్మరసమో వెనిగరో వేసి చూడండి, నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. రాళ్ళ కోసం గుట్టను ముట్టుకోవద్దు. ఈ శిలల్ని కాపాడాలని 1996 నుంచి హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. ఇళ్ళు కట్టే చోట పగలగొట్టి పారేసిన ముక్కలు మనకు చాలు.

ఎండాకాలం మాటా చెప్పాలి. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. మనం సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉన్నాం కాబట్టి అందులోనూ ఐదారు శాతం కోత. చిన్న ఫ్యాన్ ఒకటి నీటి మీదికి తిప్పి పెట్టండి. రంజన్‌లో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. లీటరు నీరు ఆవిరవుతూ తీసుకుపోయే వేడి, అరవై లీటర్ల నీటిని తొమ్మిది డిగ్రీలు చల్లార్చగలిగేంత. చుట్టూ ఉన్న గాలి మళ్ళీ వేడెక్కిస్తుంది కాబట్టి మనకు దక్కేది అందులో కొంతే. అయితే నీరు పోతుంది గానీ ఉప్పు పోదు. తగ్గిన నీటికి బదులు మళ్ళీ బోరు నీరే పోస్తూ ఉంటే నెలనెలకూ గట్టిదనం పెరుగుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీరు గానీ, తొలి జల్లులు వదిలేసి డాబా మీద పట్టిన వాననీరు గానీ పోయాలి.

ఇప్పుడు నేను రీస్కేప్ ఎలా చేస్తున్నానో చెబుతాను. ముందు పాత నీటిని శుభ్రమైన బకెట్లలోకి తోడిపెడతాను. చేపలు అందులోకి వెళతాయి, పైన మూత, లోపల బుడగలు వదిలే గాలి రాయి. ఫిల్టర్ ఇంకో బకెట్‌లో నడుస్తూనే ఉంటుంది. ఆపేస్తే కొన్ని గంటల్లో లోపలి ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. స్పాంజిని పాత నీటిలోనే పిండాలి, నల్లా కింద కడిగితే క్లోరిన్ వాటిని చంపుతుంది. మొక్కల్ని వేళ్ళతో పీకకుండా మట్టి మట్టానికి కత్తిరిస్తాను. పాత మట్టి లోతుల్లో గాలి ఆడదు, అక్కడ కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు. అమ్మోనియా కంటే ఇది ఇంకా కటువైన విషం. మట్టి మార్చక తప్పకపోతే సగం ఇప్పుడు, సగం నెల తర్వాత. తిరిగి నింపేటప్పుడు ముందు పాత నీరు, ఆపైన కొత్త నీరు మొత్తంలో నాలుగో వంతుకు మించకుండా. చేపల్ని వదిలే ముందు బకెట్‌లోనూ తొట్టెలోనూ పీహెచ్, అమ్మోనియా పరీక్షిస్తాను. తర్వాత రెండు వారాలు మేత సగమే. ఈ పద్ధతిలో ఇప్పటికి మూడుసార్లు చేశాను, ఒక్క చేప పోలేదు.

రీస్కేప్ చేసిన ప్రతిసారీ బకెట్ నిండా మొక్కల ముక్కలు మిగులుతాయి. వాటిని నాలాలోకో చెరువులోకో విసరడం చాలామంది ఆలోచించకుండా చేసే పని. హైడ్రిల్లా కథ వినండి. 1950లలో శ్రీలంక నుంచి అక్వేరియం వ్యాపారం వెంట అది అమెరికాలోని ఫ్లోరిడా చేరింది. 1960కల్లా అక్కడి కాలువల్లో కనబడింది, తర్వాత సరస్సులకు సరస్సుల్నే కమ్మేసింది. మనకూ అలాంటి అతిథులున్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క మన చెరువుల్ని ఎలా కప్పేస్తుందో చూస్తూనే ఉన్నాం. గాజు మీద పాచి తింటుందని కొని, పెద్దదయ్యాక వదిలేసిన సక్కర్ చేప ఇప్పుడు మన నీళ్ళలో చేరి జాలర్ల వలలు చింపుతోంది.

కత్తిరించిన ముక్కల్ని రెండు రోజులు ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి పూలకుండీల్లో వేయండి. మంచి ఎరువవుతుంది. వద్దనుకున్న చేపను పెంచుకునే మరొకరికి ఇవ్వండి, లేదా కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి. తొట్టెలోనివి ఏవీ, చిన్న నత్త కూడా, మన పక్కనున్న కాప్రా చెరువులో వేయకండి.