గార వేరు, ఫ్లోరైడ్ మరక వేరు: నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో దంతాల శుభ్రత ఆవశ్యకత

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో పసుపు, గోధుమ రంగు దంతాలను ‘గారపళ్లు’ అని ఒకే మాటతో వ్యవహరించడం పరిపాటి. అయితే ఈ ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు సమస్యలున్నవి. చిన్నతనంలో ఫ్లోరైడ్ అధికంగా గల నీరు త్రాగడం వలన పంటి నిర్మాణంలోనే ఏర్పడిన మరక మొదటిది. పంటి పైన పేరుకొని గట్టిపడిన పాచి, అనగా అసలైన గార, రెండవది. మొదటిది ఎంత శుభ్రపరచినా పోదు. రెండవది దంతవైద్యుని వద్ద శుభ్రం చేయించనిదే పోదు. ఈ తేడా తెలియనందున, అంతా ఊరి నీటి దోషమేనని సరిపెట్టుకొని చిగుళ్ల వ్యాధిని ఏళ్ల తరబడి ఉపేక్షించే ప్రమాదమున్నది.

ఈ ప్రాంతపు ఫ్లోరైడ్ సమస్య నేటిది కాదు. దేశంలో ఈ వ్యాధిని 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ తీవ్రతపై 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వ్యాసం ప్రచురించింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించగా, అది ‘నల్గొండ పద్ధతి’ పేరుతోనే ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందినది. జిల్లాకు ఇటువంటి కీర్తి దక్కడం విచారకరమే.

గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడ్ భూగర్భ జలాలలోకి చేరుతుంది. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణాలు నిర్దేశిస్తున్నవి. పుట్టుక నుండి సుమారు 8 సంవత్సరాల వయస్సు వరకు చిగురు లోపల శాశ్వత దంతాల ఎనామిల్ రూపొందుతుంది. ఆ కాలంలో అందిన అధిక ఫ్లోరైడే పంటిపై సుద్ద వంటి తెల్లని చారలుగా, గోధుమ మచ్చలుగా, తీవ్రమైన స్థితిలో గుంటలుగా కనిపిస్తుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా ఈ ప్రాంతానికి కృష్ణా జలాలు సరఫరా అయినవి. సురక్షిత నీటితో పెరిగిన పిల్లల దంతాలకు ఈ మరక సోకదు. అయితే అంతకు ముందే దంతాలు ఏర్పడిన వారికి మరక జీవితాంతం నిలిచిపోతుంది. తేలికపాటి మరకలకు పైపొరను స్వల్పంగా అరగదీసే చికిత్స, తీవ్రమైన వాటికి పంటి రంగు పూతలు, తొడుగులు అందుబాటులో ఉన్నవి. ఆమ్లంతోనో, ఇటుక పొడితోనో రుద్ది తెల్లబరచబోతే, అసలే బలహీనమైన ఎనామిల్ మరింత దెబ్బతింటుంది.

గార విషయం ఇందుకు భిన్నమైనది. భోజనానంతరం పంటిపై ఏర్పడే జిగురు పొరలో సూక్ష్మజీవులుంటాయి. దానిని తొలగించనిచో లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజులలోనే రాయి వలె గట్టిపడుతుంది. లాలాజల గ్రంథులకు దగ్గరగా ఉండే క్రింది ముందు పళ్ల లోపలి వైపున ఇది ముందుగా కనిపిస్తుంది. ఒకసారి గట్టిపడిన తరువాత వేపపుల్లకు గాని, బ్రష్‌కు గాని లొంగదు. ఫ్లోరైడ్ వలన గుంటలు పడిన పళ్లలో పాచి నిలవడం సులభం, దానిని తొలగించడం కష్టం. అందుచేత శుభ్రం చేసినా మరక పోదన్న నిరాశతో వైద్యునికి దూరంగా ఉండేవారికే వైద్యుని అవసరం ఎక్కువ.

చిగుళ్ల నుండి రక్తం కారడం తొలి హెచ్చరిక. ఆ దశలో గార తీయించి, పళ్లు సక్రమంగా తోముకొనినచో చిగుళ్లు కోలుకుంటాయి. ఉపేక్షించినచో దంతాన్ని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ల వ్యాధి తీవ్రమవుతుంది, చిగుళ్ల వ్యాధి వలన మధుమేహం అదుపు తప్పుతుంది. పొగాకు వాడేవారిలో రక్తం కారడం తక్కువగా ఉండి వ్యాధి బయటపడకుండానే ముదురుతుంది.

‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి’ అనే భయం బలంగా ఉన్నది. వాస్తవానికి ఎముక కరిగి వదులైన పంటిని గార గడ్డ తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది. దానిని తీసినప్పుడు అప్పటికే ఉన్న కదలిక తెలియవస్తుంది. కొద్ది రోజులు చల్లని నీరు జివ్వుమనడం సహజం. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ విషయం వైద్యునికి ముందే తెలియజేయాలి.

ప్రతి ఒక్కరూ 6 నెలలకొకసారి శుభ్రం చేయించుకోవాలన్న ప్రచారానికి మాత్రం గట్టి ఆధారం లేదు. 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, క్రమం తప్పక దంతవైద్యుని సందర్శించే, తీవ్ర చిగుళ్ల వ్యాధి లేని పెద్దవారికి నిర్ణీత గడువుల శుభ్రత వలన రెండు మూడేళ్లలో చిగుళ్ల ఆరోగ్యంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే ఆ ఫలితాన్ని ఎన్నడూ దంతవైద్యుని దరిచేరని గ్రామీణులకు అన్వయించడం సరికాదు. ఎవరికి ఎంత గడువు అవసరమో పరీక్షించి వైద్యుడే నిర్ణయించాలి. మధుమేహులకు, పొగాకు వాడేవారికి ఆ గడువు 3 నెలలు కూడా కావచ్చును.

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంతవైద్య కళాశాలలు ఉన్నవి. గ్రామ దంత వైద్య శిబిరాలలో రోగి కార్డుపై మరకను, గారను వేర్వేరుగా నమోదు చేసినచో ఎవరికి శుభ్రత అవసరమో, ఎవరికి మరక చికిత్స అవసరమో అక్కడికక్కడే తేలుతుంది.