రాక్ సంగీతాన్ని వినడం ఎలా?



ఇంట్లో పిల్లలు రాక్ సంగీతం పెట్టగానే "ఆపరా ఆ గోల" అంటాం. వాళ్లు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని గదిలోకి వెళ్లిపోతారు. తర్వాత వాళ్లేం వింటున్నారో మనకు తెలియదు, మనమేం వింటామో వాళ్లకు పట్టదు. చాలా ఏళ్లుగా రాక్ వింటూ వచ్చాను కనుక, అందులో మంచిచెడ్డలు ఎలా ఎంచుకోవచ్చో నాకు తోచినంతలో చెబుతాను.

అందుకు కావలసిన కొలబద్ద మన బళ్లారిలోనే ఉంది. పద్యాన్ని రాగం తీసి సాగదీస్తే "వన్స్ మోర్" కేకలు పడే కాలంలో బళ్లారి రాఘవగారు నటించారు. ఆయన మాత్రం రాగం కన్నా భావానికే పెద్దపీట వేశారు. గొంతు ఎంత పైకి లేచిందని కాదు, ఎందుకు లేచిందని అడగాలన్నమాట. రాక్‌ను కూడా ఇదే ప్రశ్న అడుగుదాం.

రాక్ 1950లలో అమెరికాలో పుట్టింది. పత్తిచేలలో చాకిరీ చేసిన నల్లజాతివారి బ్లూస్ పాట, పల్లెల్లోని కంట్రీ పాట దానికి తల్లివేళ్లు. పత్తిచేల కష్టం ఎలాంటిదో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆ కష్టపు పాటకు ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ తోడయ్యాయి.

అంతకుముందు నుంచీ పాట నిడివిని యంత్రమే నిర్ణయించేది. పాత గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. మన రంగస్థల పద్యాలూ ఆ మూడు నిమిషాల్లోనే ఒదిగాయి. 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. మొదట్లో దాన్ని విడివిడి పాటలతో నింపారు. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన సార్జెంట్ పెప్పర్ మొత్తం ఒకే ప్రదర్శనలా సాగుతుంది. అందులో జార్జ్ హారిసన్ పాటకు సితార్, తబలా వినిపిస్తాయి. ఆల్బమ్ అంటే పాటల మూట కాదు, అంకాలున్న నాటకం అని అప్పుడు చాలామందికి తెలిసింది.

ఇక అందరూ గోల అనే హెవీ మెటల్ సంగతి. దీనికి మూలపురుషుల్లో ఒకరైన టోనీ అయోమీ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేసేవాడు. పదిహేడో ఏట యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కనుక, తీగలు నొక్కవలసినవి ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. బిగువు తక్కువైన తీగలు వాడాడు. తర్వాత 1971లో మూడో ఆల్బమ్ నాటికి శ్రుతే దించేశాడు. ఆ బ్లాక్ సాబత్ బృందపు బరువైన నాదం అలా రూపుదిద్దుకుంది. వాళ్లు 1970లోనే యుద్ధానికి సైనికులను పంపి తాము చాటున ఉండే పెద్దలను నిలదీస్తూ పాట కట్టారు. సండూరు గనులు, తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఎరిగిన మనకు ఈ ఇనుప చప్పుడు పరాయిది కాకూడదు.

ఇక దశాబ్దాల మాట. నా మట్టుకు నాకు డెబ్భైలే మేలు. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. మధ్యలో కాలం, డబ్బు, చావు, మతి చలించడం వస్తాయి. ఒక్క పాట తీసేసినా కథ తెగుతుంది. ఎనభైలలో సింథసైజర్లు, డ్రమ్ యంత్రాల జోరులో చాలా ఆల్బమ్‌లు పలచబడ్డాయని నా అభిప్రాయం. మెటాలికా వారి 1986 నాటి మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఇందుకు మినహాయింపు. మత్తుమందు మనిషిని బొమ్మలా ఎలా ఆడిస్తుందో అందులోని ఎనిమిది నిమిషాలకు పైగా సాగే పాట చెబుతుంది. ఆ వేగం కోపానిదే తప్ప ఆర్భాటానిది కాదు. తొంభైలలో 1991 నాటి నిర్వాణా వారి నెవర్‌మైండ్ మళ్లీ దాదాపు మూడు వాద్యాలతోనే సరిపెట్టుకుంది. చరణంలో గొణిగి, పల్లవిలో అరిచి, విసిగిన యువకుల మనసు పట్టిచ్చింది.

కొత్తగా వినేవారు ఇంగ్లీషుతోనే మొదలుపెట్టనక్కరలేదు. రఘు దీక్షిత్ 2008లో తెచ్చిన ఆల్బమ్‌లో శిశునాళ షరీఫ్ తత్వాలు గిటార్‌తో వినిపిస్తాయి. అవే తత్వాలను సి. అశ్వథ్ గొంతులో విన్న కన్నడం తెలిసినవారు మనలో ఎందరో. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. ఏది మార్చారో, ఏది నిలబెట్టారో మీకే తెలుస్తుంది.

వినే పద్ధతి ఒక్కటే. మొదటిసారి డ్రమ్స్‌ను, రెండోసారి అడుగున నడిచే బాస్ గిటార్‌ను, మూడోసారి గొంతును పట్టుకోండి. పాటలు దాటవేయకండి. వచ్చే ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో వాళ్లకు నచ్చిన ఆల్బమ్ ఒకటి బయటికి వినపడేలా పెట్టమనండి. నలభై నిమిషాలు కూర్చుని, ఇది నీకెందుకు నచ్చిందని అడగండి. ఆ తర్వాత మీకు నచ్చిన పద్యమో కీర్తనో పెట్టి వాళ్లనూ వినమనండి. నచ్చకపోతే నచ్చలేదని ఇద్దరూ చెప్పుకోవచ్చు. పూర్తిగా విన్న తర్వాత చెప్పే మాట కనుక దానికి విలువ ఉంటుంది.