గలిలయ ఒడ్డున భోజనము



2019లో మా సంఘస్థులు కొందరితో కలిసి పరిశుద్ధ దేశమును దర్శించే భాగ్యము దేవుడు మాకు అనుగ్రహించాడు. నాలుగు రోజులు గడిచేసరికి అందరి నోటా ఒకటే మాట: "అయ్యగారూ, అన్నం ఎప్పుడు దొరుకుతుంది?" వెంట తెచ్చుకున్న ఆవకాయ అయిపోయింది. బసలో పెట్టే రొట్టెలు ఎవరికీ రుచించలేదు. ఐగుప్తులోని చేపలను, కీరకాయలను తలచుకొని సణిగిన ఇశ్రాయేలీయులను గూర్చి (సంఖ్యా. 11:5) మేము ఎన్నిసార్లు బోధించామో! ఇప్పుడు మేమే సణిగాము.

ఐదవ రోజు మధ్యాహ్నము తిబెరియ పట్టణములో, గలిలయ సముద్రపు ఒడ్డున ఒక రెస్టారెంటులో కూర్చున్నాము. సముద్రమని పేరే గాని అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉన్నది.

అక్కడ యాత్రికులకు వడ్డించేది 'పేతురు చేప'. తలతో, తోకతో సహా నూనెలో వేయించి, నిమ్మచెక్క, రొట్టె, శనగలు ఉడికించి రుబ్బిన ముద్దతో కలిపి పెట్టారు. అరబ్బీ భాషలో ఆ చేపను 'ముష్ట్' అంటారు, అనగా దువ్వెన. వీపు మీది రెక్క దువ్వెన పళ్ళవలె ఉండడమే అందుకు కారణము. మన చెరువుల్లోని తిలాపియాకు అది దగ్గర చుట్టము. పేతురుకు నాణెముతో దొరికిన చేప (మత్తయి 17:27) ఇదేనని చెబుతారు. అయితే ముష్ట్ వలకు చిక్కేదే గాని సాధారణముగా గాలానికి పడదు గనుక, అది వేరే జాతి చేప అయి ఉంటుందని కొందరు పండితుల అభిప్రాయము. పైగా నేడు హోటళ్ళలో పెట్టేవి ఎక్కువగా చెరువుల్లో పెంచినవే.

"కారం లేదు, పులుపు లేదు" అని మాలో కొందరు పళ్ళెములు ప్రక్కకు జరిపారు. గల్ఫ్‌లో పనిచేసే కుమారుడు పంపిన డబ్బుతో మా వెంట వచ్చిన ఒక వృద్ధురాలు మాత్రము రొట్టె తుంచి, చేప ముక్క పెట్టుకొని, ప్రార్థించి తృప్తిగా తిన్నది. తరువాత మా వైపు చూచి, "ఈ ఒడ్డునే గదా అయ్యగారూ, ప్రభువు చేపలు కాల్చి పెట్టింది? శిష్యులు కారం అడిగారా?" అన్నది.

అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. కొన్ని సంవత్సరముల క్రితము కుటుంబ ప్రార్థనకు ఆ తల్లి ఇంటికి వెళ్ళాము. రాగి సంకటి, ఎండుచేపల పులుసు వండి పెట్టబోతే, "ఇప్పుడే తిని వచ్చామమ్మా" అన్నాము. అది అబద్ధము. అటు నుండి నేరుగా ఒక సంఘపెద్ద ఇంటికి వెళ్ళి కోడికూరతో భోంచేశాము. చిన్న ఊరు. ఆ సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా? అయినను ఒక్కనాడూ మమ్మును అడగలేదు.

తిరిగి వచ్చిన వారములోనే ఆమె గడప తొక్కాము. "అమ్మా, ఆకలిగా ఉంది" అని అడిగి, చాపమీద కూర్చొని సంకటి తిన్నాము. ఆనాటి అబద్ధమును కూడా ఒప్పుకున్నాము. ఆమె ఏమీ అనలేదు. మరి కొంచెము పులుసు వడ్డించింది.

తన సేవకులు ఏ ఊరు వెళ్ళినా ఎదుట పెట్టినది తినాలని ప్రభువు సెలవిచ్చాడు (లూకా 10:8). ఆ మాట దూరదేశములో పాటించడము కష్టము కాదు. మన వీధిలోనే, మనము ఇంతవరకు కూర్చోని గడప ఒకటి ఉన్నదేమో, మీ కుటుంబ ప్రార్థనలో పరీక్షించుకొనండి.